తొమ్మిదోసారి అన్న మాట

ఎదుటి ఫ్లాటు దంపతులు బాల్కనీలో టీ తాగుతూ మాటామాటా అనుకున్నారు. ఆయన ఏదో అన్నాడు. ఆవిడ జవాబివ్వడానికి నోరు తెరిచి, మూసుకుని, కప్పు పట్టుకుని లోపలికి నడిచింది. ఆయనా వెనకే వెళ్ళాడు. తలుపు మూశాక పోట్లాట మొదలైంది. అద్దం వెనక నాలుగు చేతులు గాలిలో ఊగడం కాత్యాయనికి స్పష్టంగా కనిపించింది.

ఆమె దాన్ని మర్యాద అనుకుంది. 2078లో విశాఖపట్నంలో మిగిలివున్న మర్యాద అదొక్కటేనని కూడా అనుకుంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, నలభై ఏళ్ళు సినిమా సమీక్షలు రాసిన తరువాత, ఆమె తప్పుగా అర్థం చేసుకున్న విషయాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఆమె విసుగుకు కారణం వేరే ఉంది. ఆ నెల సమీక్షించవలసిన స్ట్రీమింగ్ సినిమాలు ఏడు. ఏడూ 'నిజజీవిత స్ఫూర్తిగాథ'లే. ఒకటి గుడ్డివాడైన గడియారాల మెకానిక్ గురించి, ఒకటి చంద్రుడి మీద ముల్లంగి పండించిన స్కూలు టీచరు గురించి. మనుషులు వేరు, ఊళ్ళు వేరు, కాలాలు వేరు. అయినా ప్రతి సినిమాలోనూ సరిగ్గా నలభయ్యో నిమిషానికి అయినవాళ్ళెవరో ఒకరు హీరోని పట్టుకుని "నీ వల్ల కాదు" అంటారు. తరువాత ఒక తలుపు మూసుకుంటుంది. తరువాత వయొలిన్లు. పాతికేళ్ళ క్రితమైతే ఆమె దీన్ని రెండు ముక్కల్లో 'అబద్ధం' అని తేల్చేసేది. ఇప్పుడు అనడానికి లేదు. ఏడింటికీ నిగ్గు తొంభై ఏడుకు తగ్గలేదు.

నిగ్గు అంటే ఏమిటో చెప్పాలి. ఇళ్ళ గోడలకు ధ్వనిపూత వేయడం ఆ శతాబ్దం మధ్యలో మొదలైంది. అందులోని పీడనవిద్యుత్ స్ఫటికాలు మాటలకూ, అడుగుల చప్పుడుకూ, ఫ్యాను హోరుకూ సన్నగా వంగి, ఆ వంపు నుంచి కరెంటు పుట్టిస్తాయి. ఒక గదిలో కుటుంబం సాయంత్రమంతా కబుర్లు చెప్పుకుంటే ఆ గది దీపం వెలుగుతుంది. ఉప్పుగాలికి నిలవదు కనుక బాల్కనీలకూ ఆరుబయలుకూ ఈ పూత వేయరు. ఒకసారి వంగిన స్ఫటికం పూర్తిగా వెనక్కి రాదనీ, వెంట్రుకలో వెయ్యోవంతు వంకర మిగిలిపోతుందనీ డాక్టర్ షేక్ మస్తాన్‌వలీ కనిపెట్టాడు. ఆ వంకరలు పొరలు పొరలుగా, తేదీల వారీగా, చెట్టు మానులో వలయాల్లా ఉండిపోతాయి. వాటిని లేజరుతో చదివే యంత్రమే నిగ్గు. ఆ గదిలో ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారో అది చెప్పగలదు. ఇంటి యజమాని వేలిముద్ర లేకుండా మాత్రం నోరు విప్పదు.

'నిజజీవిత కథ' అని వేసుకునే ప్రతి సినిమా నిగ్గు పరీక్షకు నిలబడి, అందులో నూటికి ఎన్ని మాటలు నిజంగా అన్నవో చూపాలన్న చట్టం వెనుక ఉన్నది కాత్యాయని కలమే. అందులో మూడో నిబంధన ఆమె స్వయంగా రాసింది: 'మాట అన్నారా, లేదా అన్నదే పరీక్ష. ఏ ఉద్దేశంతో అన్నారన్నది పరీక్షకు రాదు.' అబద్ధాలకోరులందరూ దాక్కునే చోటు ఉద్దేశమేనని ఆమె నమ్మకం. ఆ నిబంధన గురించి ఆమె ఇప్పటికీ గర్వపడుతుంది.

కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో యాభై అయిదేళ్ళ ఆడమనిషి. సముద్రపు ఎండకు మాడిన మొహం, ఈతగాళ్ళకుండే వెడల్పాటి భుజాలు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"కాత్యాయనమ్మగారంటే మీరేనాండి? నాను నూకాలమ్మని. సినిమాలో పిన్నిని."

ఏ సినిమా అని అడగనక్కరలేదు. 'ఉప్పునీళ్ళ పిల్ల' ఆ సంవత్సరం దేశమంతా చూసిన చిత్రం. మత్స్యకార గ్రామంలో పుట్టిన మైలపల్లి తరళ ముప్పై ఆరు గంటలు ఆగకుండా సముద్రం ఈదిన కథ. నలభయ్యో నిమిషంలో ఆమె పిన్ని "నీ వల్ల కాదే, ఇంట్లో పడుండు" అని గదిలో పెట్టి గడియ వేస్తుంది. నిగ్గు తొంభై తొమ్మిది.

నూకాలమ్మ కాగితం విప్పింది. అది కాత్యాయని రాసిన సమీక్షే. "నాకు సదువు రాదు గాని ఇది నోటికొచ్చు. 'పసిదాని కలకు గడియ పెట్టిన ఆ చేతిని ఏ సముద్రమూ కడగలేదు.' మీరు రాసిందేనాండి?"

"నేనే రాశాను."

"బాగా రాసినారు. మా ఊళ్ళో సేపలమ్మితే నా సేతి సేప కొనడం మానీసినారు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "దానికోసం రానేదు నాను. నన్ను ఎవరేటన్నా పర్వానేదు. తరల నాతో మాటాడి ఎనిమిదేళ్ళయినాది. ఆ మాట అన్న రోజు నుంచి పలకదు. ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోద్ది. మీరు పెద్దోళ్ళు, రాస్తే వింటారు. మా పిన్ని మనసులో అలాగ నేదని ఒక్క ముక్క రాయండి."

"అన్నారా, లేదా?" అంది కాత్యాయని.

"అన్నాను."

"గడియ వేశారా?"

"ఏసినాను."

"అయితే నేను దేన్ని వెనక్కి తీసుకోవాలి, నూకాలమ్మగారూ? మనసులో లేదని ఇవాళ మీరంటారు. రేపు ప్రతి దుర్మార్గుడూ అదే అంటాడు. నా చట్టంలో మనసుకు చోటు లేదు."

"అనమన్నారమ్మా," అంది నూకాలమ్మ. "మా అప్పే, దాని తల్లే అనమన్నాది."

కాత్యాయని కళ్ళజోడు తీసింది.

"దానికి ఏడో ఏట నుంచి ఈత నేర్పింది నానే. పద్నాలుగొచ్చీసరికి ఊరంతా దాన్ని సముద్రంలో సూడ్డానికి వొడ్డుకి వచ్చీవోరు. అప్పుడు మా అప్పకి బెంగ పట్టుకున్నాది. సినిమాలన్నీ సూసినాది కదా. 'ఒసే నూకాలూ, ప్రతీ కథలోనూ కాదనీవోడు ఒకడుంటన్నాడే. మనకి కాదనీవోడే నేడు. ఊరంతా సరేనంటే రేపు దీని మీద సినిమా ఎవుడు తీస్తాడే?' అని ఏడ్సినాది. మొగోడిని అడిగితే ఎవుడూ ఒప్పుకోనేదు. సెల్లెల్ని కదా, నాను ఒప్పుకున్నాను."

"పిల్లకి చెప్పారా?"

"సెప్పొద్దంది. తెలిస్తే పట్టుదల పోద్దంట. తరల వొడ్డున ఉన్నప్పుడు మాటలు బట్టీ పట్టించి, అది ఇంటికొచ్చినాక అనిపించినాది. ఇప్పుడు సెబుదామంటే మా అప్ప ఆ ఇల్లు నా పేర రాసి పోయి రెండేళ్ళయినాది. నా మాట ఎవరు నమ్ముతారు?"

కాత్యాయని కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. తరువాత తెరమీద మస్తాన్‌వలీని పిలిచింది. ప్రయోగశాలలో భోజనం డబ్బా తెరిచి కూర్చున్న ఆయన గోంగూర ముద్ద పట్టుకునే దర్శనమిచ్చాడు.

"ఏందక్కా, మళ్ళీ ఏ సినిమాని ఉతికారేశారు?"

"ఈసారి మీ యంత్రాన్ని, మస్తాన్."

"దాన్నేం అనబాకండి. అది అబద్ధం చెప్పదు."

"అదే భయంగా ఉంది. మైలపల్లి ఇంటి గోడ నకలు మీ దగ్గర ఉందిగా? యజమానురాలు ఇక్కడే ఉన్నారు, వేలిముద్ర ఇస్తారు."

నూకాలమ్మ బొటనవేలు తెరకు ఆనించింది. నిగ్గు గొంతు వినిపించింది. ఆడదీ మగదీ కాని, తొందర లేని గొంతు.

"వాక్యం: 'నీ వల్ల కాదే, ఇంట్లో పడుండు.' పలికినట్టు నిర్ధారణ."

"ఎన్నిసార్లు?" అంది కాత్యాయని.

"ఈ ప్రశ్న నన్ను పన్నెండేళ్ళలో ఎవరూ అడగలేదు. తొమ్మిదిసార్లు. గడియ వేసిన చప్పుడు నాలుగుసార్లు."

మస్తాన్‌వలీ చేతిలో ముద్ద డబ్బాలో పడింది.

"అన్నీ వినిపించు," అంది కాత్యాయని.

మొదటిసారి మాట సగంలోనే నవ్వయిపోయింది. రెండోసారి నూకాలమ్మ గొంతు "నీ వల్ల కాదే తల్లీ" అంది. వెంటనే ఇంకో ఆడగొంతు కసిరింది: "తల్లీ అనకే!" మూడోసారి కూడా "తల్లీ." నాలుగోసారి "తల్లీ" అనబోయి ఆపుకోవడం, దగ్గు. అయిదోసారి: "నీ వల్ల కాదే, బువ్వ తిని పడుకో... ఛ, నా వల్ల కాదప్పా." "ఇంట్లో పడుండు అనవే! ఎవత్తయినా తిట్టి బువ్వ తినమంటాదా?" తొమ్మిదోసారికి ఆ మాట శుభ్రంగా, రాయిలా వచ్చింది. తల్లీ లేదు, బువ్వ లేదు. దేశం విన్నది ఆ తొమ్మిదోదాన్ని.

తెరవైపు నూకాలమ్మ చూడలేదు. తన పాదాల వైపు చూస్తూ కూర్చుంది.

"మిగతా సినిమాలు కూడా చూడండి, మస్తాన్. మీ దగ్గరున్న 'నీ వల్ల కాదు'లన్నీ. వినిపించనక్కరలేదు, వేలిముద్ర అడగని లెక్క చాలు: ఎన్నెన్నిసార్లో."

ఆయన వేళ్ళు కాసేపు మీటల మీద ఆడాయి. ఆయన మొహంలో రంగు తగ్గిపోయింది. "గడియారాల మెకానిక్ వాళ్ళన్న... ఆరుసార్లు. ముల్లంగి టీచరమ్మ మామగారు పద్నాలుగుసార్లు. ఆయనకి మతిమరుపంట, మాట గుర్తుండక. అక్కా, ఇరవై ఏళ్ళ కష్టం నాది. మనుషులు అన్నదే రాసిందిగా ఈ యంత్రం!"

"మనుషులు అన్నదే రాసింది. దానికోసం అన్నదే రాసింది." కాత్యాయనికి ఎదుటి ఫ్లాటు దంపతులు గుర్తొచ్చారు. బాల్కనీలో నోరు మూసుకుని, పూత ఉన్న గదిలోకి వెళ్ళి తిట్టుకున్న దంపతులు. ఒళ్ళు మండింది. "సినిమాల చేత నిజం చెప్పించాలని చట్టం రాశాను. సినిమా వాళ్ళు మారలేదు. జనం మారి కూర్చున్నారు."

"ఒక సమాచారం మిగిలింది," అంది నిగ్గు. "మొదటిసారి పలికినప్పుడు గదిలో నవ్విన గొంతులు మూడు. మూడోది తలుపు వెనక నుంచి. ఆ గొంతు తరళది. మొదటి ఎనిమిదిసార్లూ ఆమె ఊపిరి తలుపు వెనకే ఉంది."

నూకాలమ్మ తల ఎత్తింది. ఆ మాట అర్థం కావడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె మొహం ఒక్కసారిగా చిన్నపిల్ల మొహమైపోయింది.

"ఇన్నాదా? అంతా ఇన్నాదా? అయితే దానికి తెలుసు! నాను ఉత్తినే అన్నానని దానికి తెలుసండి!" కాత్యాయని చెయ్యి పట్టేసుకుంది. "ఫోను సెయ్యండమ్మగారూ. మీరు సేస్తే తీస్తాది."

కాత్యాయని చేసింది. తరళ తీసింది. మెత్తని, మర్యాదైన, ఇంటర్వ్యూలకు అలవాటుపడిన గొంతు.

"నమస్తే మేడమ్. మీ సమీక్ష దాచుకున్నాను. సముద్రమూ కడగలేదు అన్న మాట ఎంత బాగుందో!"

"ఆ తొమ్మిదిసార్లూ నువ్వు విన్నావు," అంది కాత్యాయని.

అటునుంచి చిన్న నవ్వు. "బువ్వ తిని పడుకో అన్నప్పుడు నోరు నొక్కుకోవాల్సి వచ్చింది మేడమ్. మా పిన్ని అంతే."

"మరి ఎనిమిదేళ్ళుగా ఆమెతో ఎందుకు మాట్లాడవు?"

"మొదటి భాగంలో 'ఆ రోజు నుంచి పిన్నితో మాట్లాడలేదు' అని ఉంది కదా. మాట్లాడితే నిగ్గు పడిపోయేది. ఇప్పుడు రెండో భాగం అనుకుంటున్నారు. ఆఖర్లో మేమిద్దరం కలుస్తాం. మా పాత ఇంట్లోనే, అదే గదిలో. మధ్యలో మాట్లాడేస్తే అది మొదటిసారి ఎలా అవుతుంది? పిన్నికి నేనంటే ప్రాణం. ఆగుతుంది."

"ఆగుతుందా?" కాత్యాయని గొంతు చల్లగా ఉంది. "సరే. రోజూ పొద్దున నువ్వు సముద్రంలో ఉంటావు. అక్కడ గోడల్లేవు, పూత లేదు. నీ నిగ్గుకు వచ్చే నష్టం లేదు. ఆమె ఈదగలదు, నీకు నేర్పినదే ఆమె. అక్కడ ఒక్క మాట మాట్లాడు."

తరళ నిజంగానే ఆలోచించింది. ఆ ఆలోచనలో కపటం లేదు. అదే భయంకరంగా ఉంది.

"అక్కడ ఎవరూ వినరు కదా మేడమ్. వినేవాళ్ళే లేనప్పుడు మాట్లాడి ఏం లాభం?"

"సిగ్గులేదుటే నీకు!" అంది కాత్యాయని. నలభై ఏళ్ళలో ఆమె అంత ముతకగా ఎవరినీ అనలేదు. అప్పటికే ఫోను కట్టయిపోయింది.

తెరమీద మస్తాన్‌వలీ మూత పెట్టని డబ్బా ముందు అలాగే ఉండిపోయాడు. కాత్యాయని లేచి, చీర సర్దుకుని, గది మధ్యకు వచ్చి, ఒక్కొక్క అక్షరాన్నీ తూచి పలికింది:

"ఆప్యాయతకు కూడా విడుదల తేదీ నిర్ణయించుకున్న తరం ఇది. వీళ్ళకు మనం సత్యాన్ని ఇవ్వలేదు, ప్రేక్షకుల్ని ఇచ్చాం."

నూకాలమ్మ తలెత్తి ఆమెను పరీక్షగా చూసింది. తొమ్మిదిసార్లు అనుభవం ఉన్న మనిషి చూపు అది.

"మొదట తిట్టిందే బాగున్నాదమ్మగారూ," అంది మెల్లగా. "రెండోది గోడకి సెప్పినట్టున్నాది."



నూకాలమ్మ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి బల్లమీద ఉంచింది. నడిచి వెళ్ళి బాల్కనీ తలుపు తీసింది. బయట ఉప్పుగాలి వేస్తోంది. తన వెనక తలుపు లాగి మూసి, రెయిలింగు పట్టుకుని, సముద్రం వైపు తిరిగి, పూత లేని చోట నిలబడి ఏడ్చింది. లోపలికి ఏమీ వినబడలేదు. వెడల్పాటి భుజాలు కదలడం మాత్రం అద్దంలోంచి కనిపించింది.

కాత్యాయని తలుపు దాకా వెళ్ళింది. ఆమెను ఓదార్చడానికి ఒక మంచి వాక్యం అప్పుడే మనసులో రూపుకట్టింది. నలభై ఏళ్ళలో ఆమెకు తట్టిన వాక్యాల్లో బహుశా అదే మేలైనది. గడియ మీద చెయ్యి వేసి ఆగింది. బయట అంటే ఇది ఎక్కడా మిగలదు కదా, అన్న ఆలోచన ముందు వచ్చింది. సిగ్గు తరువాత వచ్చింది.

ఆ వాక్యాన్ని మింగేసి, ఆమె తలుపు తోసుకుని బయటికి వెళ్ళింది.