ఆమెన్ అనేలోగా

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఎవరి కళ్ళల్లో నీళ్ళున్నా ఎందుకని అడిగేవాళ్ళుండరు. అందుకే సీక్రెట్ ఏజెంట్ నెల్సన్ ఏడుస్తున్నాడని ఎవరూ గమనించలేదు. బస్తాల చాటున, అతని ఒళ్ళో, తూటా దెబ్బ తిన్న సీనియర్ ఏజెంట్ చలపతిరావు ప్రాణం పోతోంది.

“మెడికల్ క్యాంపు నర్సులిద్దరిలో ఒకరు మన డబుల్ ఏజెంట్,” అన్నాడు చలపతిరావు. “రెండోది ఆర్కిడ్ ముఠా మనిషి. మన పిల్ల చర్చిలో పుట్టి పెరిగింది. పేరు...”

పేరు చెప్పకుండానే పోయాడు. ఆ పేరు తెలిసినవాడు డిపార్టుమెంటు మొత్తానికి ఆయనొక్కడే.

కాసేపట్లో చీఫ్ విజయ్ కుమార్ కారులో బ్రీఫింగ్ మొదలైంది.

“గంజాయి మొక్క నుంచి తీసిన మందు. మత్తెక్కించే భాగం తీసేశారు. పేగుల్లో వాపు, పుళ్ళు ఉన్నవాళ్ళకి పనికొస్తుందా అని ట్రయల్. ఇదివరకు వాడినవాళ్ళలో కొందరు బాధ తగ్గిందన్నారు. లోపల పుండు మానుతుందో లేదో ఇంకా తేలలేదు. ఇవాళ కొల్లేట్లో, ఒక చర్చి హాల్లో మొదటి డోసు.”

“ఆర్కిడ్‌కేం కావాలి సార్?”

“మొదటి పేషంటు అక్కడికక్కడే చావాలి. గంజాయి మందు చంపిందని గోలెత్తుతుంది, ట్రయల్ ఆగిపోతుంది. ఫార్ములా వాళ్ళ పేరుతో వాళ్ళ దేశంలో బయటికొస్తుంది. సీసా మార్చే పని ఆ నర్సుది.”

“ఇద్దర్నీ ముందే పట్టుకుంటే?”

“బయట వాళ్ళ మనుషులు కాపలా ఉన్నారు. ఏమాత్రం తేడా వచ్చినా మన పిల్లని బతకనివ్వరు. ఇద్దరి బయోడేటాలోనూ క్రిస్టియన్ అనే ఉంది.” చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. “ఇందులో ఒకటే సూది. గుచ్చితే మనిషి క్షణంలో పడిపోతుంది. తప్పు మనిషికి గుచ్చితే రెండోది నిన్ను చంపేస్తుంది.”

“వేషం?”

“పేగు జబ్బు పేషంటు. నటించగలవా?”

నెల్సన్ తలూపాడు. ఆ జబ్బు అతనికి కొన్నేళ్ళుగా ఉంది. మెడికల్ బోర్డుకి తెలిస్తే ఫైళ్ళు చూసుకునే సీట్లో కూర్చోబెడతారని, ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు.

ఏలూరు దాటి చెరువు గట్ల మీదుగా వెళ్తుంటే రెండు పక్కలా చేపల చెరువులే. గూడబాతులు నీళ్ళ మీద తీరిగ్గా తేలుతున్నాయి. చుట్టూ అంత ప్రశాంతంగా ఉంటే నెల్సన్‌కి భయం ఇంకా ఎక్కువైంది. భయం వేస్తే అతనికి ముందు తెలిసేది కడుపులోనే.

హాల్లో నర్సులిద్దరూ ఎదురయ్యారు. శాలిని జీన్స్ ప్యాంటు, ఎర్రటి లిప్‌స్టిక్, తల మీదికి తోసిన నల్లకళ్ళద్దాలతో ఉంది. చేపల వాసనని కూడా ఓడించే సెంటు కొట్టుకుంది. బిందు తెల్లచీర కట్టుకుని, చంకలో నల్లట్ట బైబిలు పెట్టుకుంది.

“కూర్చోండి బ్రదర్, మంచినీళ్ళు తెమ్మంటారా అండీ?” అంది బిందు మెత్తగా.

మన పిల్ల ఈవిడేనని నెల్సన్ మనసు అప్పుడే తీర్పు చెప్పేసింది. అంతలో కడుపు మెలిపెట్టింది. హాలు వెనక బాత్రూంకి పరిగెత్తాడు. బయటికొస్తూ కిటికీలోంచి చూస్తే, శాలిని ఐసు పెట్టెలోని సీసా తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటోంది. బ్యాగులోంచి అలాంటిదే ఇంకొకటి తీసి పెట్టెలో పెట్టింది. ఇంకేం అనుమానం లేదనుకున్నాడు నెల్సన్.

మొదటి కుర్చీలో హన్నమ్మ కూర్చుంది. ఆ ఊరి సంఘంలో పెద్దావిడ. రక్తం పోయి పోయి మొహం పాలిపోయింది.

“గంజాయి అంటన్నారు బాబూ. పాస్టరుగారికి తెలిస్తే ఏవంటారో,” అంది నెల్సన్‌తో. “మనవరాలి పెళ్ళిలో కడుపునిండా ఓ ముద్ద తినాలనుందయ్యా. అందుకే ఒప్పుకున్నా.”

నెల్సన్ జేబులో పెన్ను తడుముకున్నాడు. ఈవిడ చచ్చిపోతే తన చేతకానితనం వల్లే పోతుంది. ట్రయల్ చేస్తున్న డాక్టరుగారు సీసా బల్ల మీద పెట్టించారు. శాలిని ఒక పక్క, బిందు ఒక పక్క నిలబడ్డారు. నెల్సన్ పెన్ను మూత తీసి శాలిని వైపు జరిగాడు.

“ప్రార్థన చేసుకుని ఏసుకుంటానండీ,” అంది హన్నమ్మ.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నెల్సన్ మూసుకోలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇందుకే తొడపాశాలు తిన్నాడు. హన్నమ్మ “పరలోకమందున్న తండ్రీ” అనగానే శాలిని చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్ళింది. నెల్సన్ పెన్ను ఎత్తాడు. బయటికొచ్చింది చేతిరుమాలు. చున్నీ లేదు కాబట్టి ఆ రుమాలే నెత్తిన పరుచుకుని, తలొంచుకుంది.

నెల్సన్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. వాళ్ళమ్మ, అక్క, చర్చిలో ప్రతి ఆడమనిషీ ప్రార్థన మొదలవగానే చేసే పని అది. ఎవరూ ఆలోచించి చెయ్యరు. మరి బిందు? భుజాన అంత పొడుగు కొంగుండి కూడా తల మీదికి రాలేదు. బోసితలతో నిలబడి ఉంది. బైబిలు వచనాలన్నీ కంఠస్థం చేయించిన ఆర్కిడ్ వాళ్ళు ఇదొక్కటీ నేర్పడం మర్చిపోయారు. శాలిని విషం తీసేసి అసలు మందు పెట్టిందన్నమాట.

పెట్టెలో సీసా మారిందని పసిగట్టిందేమో, బిందు బైబిలు తెరిచింది. లోపల కాగితాలు లేవు, గుల్ల. అందులోంచి ఒక సీసా తీసి బల్ల మీది సీసా మార్చేసింది. మార్చి, కళ్ళెత్తి, తిన్నగా నెల్సన్‌ని చూసింది. బైబిలు అతని వైపు తిరిగింది. గుల్లలో చిన్న తుపాకీ గొట్టం కనిపించింది.

నెల్సన్ పెన్ను అరచేతిలో దాచుకున్నాడు. హన్నమ్మ ఊళ్ళో జబ్బువాళ్ళందరి కోసం, చెరువుల్లో చేపల కోసం, డాక్టరుగారి పిల్లల కోసం ప్రార్థిస్తోంది. ఆ ప్రార్థన సాయంత్రందాకా సాగితే బాగుండునని జన్మలో మొదటిసారి కోరుకున్నాడు.

“ఆమెన్.”

“నేనేస్తానండీ అమ్మగారూ,” అంటూ బిందు డ్రాపర్ ఎత్తింది. రెండో చేతిలో బైబిలు నెల్సన్‌నే చూస్తోంది. హన్నమ్మ నోరు తెరిచింది.

నెల్సన్ కడుపు మళ్ళీ మెలిపెట్టింది. ఈసారి ఆపుకోలేదు. పొట్ట పట్టుకుని మూలుగుతూ ముందుకు వంగి, “బాత్రూం, సిస్టర్,” అంటూ తూలాడు. ఇందాక అతని పరుగు చూసిన బిందు ఒక్క క్షణం మొహం చిట్లించి పక్కకి తప్పుకుంది. అతను ఆమె కాళ్ళ మీద పడి పాదంలో పెన్ను దించాడు. హన్నమ్మ నాలుక మీద పడబోయిన చుక్క నేల మీద పడింది. దాని వెనకే బిందు పడింది.

హాలు బయట కాపలా ఉన్నవాళ్ళని చీఫ్ మనుషులు పట్టుకునేసరికి, శాలిని బ్యాగులోని విషం సీసా డాక్టరుగారికి అప్పగించి, బిందు బైబిల్లోంచి అసలు మందు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టింది.

“ప్రార్థనలో కళ్ళు తెరుస్తారా అండీ మీరు?” అంది నెల్సన్‌తో, నెత్తిమీద రుమాలు మడతపెట్టుకుంటూ.

చీఫ్ లోపలికొచ్చి నెల్సన్ భుజం తట్టాడు. “ఏం నటించావయ్యా! ఆ మూలుగు వింటే నాకే కడుపులో తిప్పింది. ఇక పద, వేషం తీసెయ్.”

హన్నమ్మ వెనక లైన్లో నిలబడ్డ నెల్సన్ కదల్లేదు.

“ఇది తీస్తే వచ్చేది కాదు సార్. డాక్టరుగారు నన్నూ పరీక్షించి చూస్తానన్నారు.”