ఒక్క మట్ట, రెండు కొసలు

“ఇంద్రసేన భాయ్, రంపం పంపు! జల్దీ!”

నాంపల్లి హార్డ్‌వేర్ షాపు దాకా ఫోన్ లేకుండానే వినబడేంత గట్టిగా ఫోన్‌లో అరిచాడు సామ్ సుందర్. అబిడ్స్ హారన్ల నడుమ చర్చి ఆవరణలో అంతకన్నా మెల్లగా మాట్లాడితే తనకే వినబడదు మరి. పక్కనున్న లేడీస్ హాస్టల్ పై అంతస్తు కిటికీ ధడేలున తెరుచుకుంది.

“రమ్ము పంపుమంటున్నరా? గీడ? మట్టల ఆదివారం ముంగట?”

“రమ్ము కాదండి, రంపం! తాగేటిది కాదు, కోసేటిది!”

“మీరు కోసేటివి కోతలనుకున్న,” అని నవ్విందా అమ్మాయి.

పేరు యూనీస్. మెదక్ నుంచి గన్‌ఫౌండ్రీ బ్యాంకుకు బదిలీ మీద కొత్తగా వచ్చింది. నవ్వే మనిషే గానీ, సాయంత్రాలు ఆ కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని టీ చల్లారబెట్టుకునేది.

సామ్‌ది కళ్ళజోళ్ళ దుకాణంలో పని. ఊరందరికీ జోళ్ళు బిగించేవాడికి తనకంటూ ఓ జోడు లేదు. గదిలో ఒక్క పళ్ళెం, ఒక్క గ్లాసు. కుక్కర్ కూతేస్తే “ఆ, వస్తున్న” అని దానికే జవాబు చెప్పేవాడు.

ఏటా మట్టల ఆదివారం ఊరేగింపుకు ఈత మట్టలు కోసే మొగులయ్య ఊరికి పోయాడు. చెట్లేమో నిచ్చెనకు అందవు. అందుకని సామ్ వెదురు బొంగు కొసన పిడి తీసేసిన రంపం ఆనించి, నట్లు బిగించి, పైన సైకిల్ ట్యూబు చుట్టాడు. ఎత్తి తోస్తే బొంగు వంగి వంగి సలాములు కొట్టింది. మట్ట మాత్రం కదల్లేదు.

“రంపం పళ్ళు ఆకాశం దిక్కు చూస్తున్నయి,” కిందికి దిగొచ్చిన యూనీస్ అంది. “మన దిక్కు తిప్పున్రి. గుంజితే తెగుతది.”

తిప్పి బిగించారు. ఇద్దరూ బొంగు పట్టుకుని గుంజారు. మట్టలు దబదబా రాలాయి.

“జరగండి, తల మీద పడ్తది!” సామ్ హెచ్చరించాడు.

“మీ తల మీద పడ్డా ఫికర్ లేదు, లోపల ఖాళీనే గద!”

ఆ సాయంత్రం సామ్‌కు గదికి పోబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున మట్టలన్నీ పంచేసి, ఒక్కటి తన కోసం ఉంచుకుని, అలవాటు ప్రకారం ఊరేగింపు చివర ఒంటరిగా నిలబడ్డాడు. యూనీస్ ఖాళీ చేతులతో వచ్చింది.

“నాకేది?”

“ఇదొక్కటే మిగిలింది. తీసుకోన్రి.”

“మరి మీకు? చెరో కొస పట్టుకుందాం.”

సామ్ గుండె ఝల్లుమంది. ఆ చర్చిలో ఒకే మట్టను చెరో కొస పట్టుకుని నడిచేది పెళ్ళి కుదిరిన జంట మాత్రమే. మెదక్ పిల్లకు ఆ ఆనవాయితీ తెలియదు. చెబితే వదిలేస్తుంది. చెప్పాలనే నోరు తెరిచాడు. అంతలో పాట మొదలైంది. నోరు మూసుకుని, తన కొస పట్టుకుని నడిచాడు.

చర్చి మెట్ల దగ్గర సంఘంలో పెద్దావిడ బెత్సీ ఆంటీ వాళ్ళను చూసి కళ్ళొత్తుకుంది. “మా సామ్‌కు కుదిరింది!”

పాస్టర్ జ్ఞానశేఖర్ మైకులోనే అనేశారు: “శుభవార్త మాకు ముందే చెప్పొద్దా?” చప్పట్లు మోగాయి.

“ఏంది అయ్యగారూ, ఏం కుదిరింది?” యూనీస్ తెల్లబోయింది.

బెత్సీ ఆంటీ ఆనవాయితీ చెప్పింది. యూనీస్ ముఖం కందిపోయింది. “అయ్యో, గట్లేం లేదు! మట్టలు ఒడిసినయి, గంతే. నాకీ పద్ధతి తెల్వది.”

చప్పట్లు ఆగిపోయాయి.

“ఆమెకు తెల్వది. నాకు తెలుసు అయ్యగారూ.” అన్నాడు సామ్. “చెప్తే వదిలేస్తదని చెప్పలే. గీ ఒక్కనాడన్న చివర ఒక్కన్నే నడవొద్దనుకున్న. తప్పు నాదే.”

తన కొస వదిలేశాడు.

యూనీస్ అందరివైపూ తిరిగింది. “ఇన్నరు గద? పెండ్లి కుదరలే. ఎట్ల కుదురుతది? ఈయన నన్ను అడగనే లేదు.”

వేలాడుతున్న కొసను ఎత్తి అతడి చేతికి అందించింది.

“పట్టుకోన్రి. లోపటికి నడుసుకుంట అడుగున్రి.”