పుట్టువెంట్రుకల కానుక

“రేపు పొద్దున్నే అనుజిన్‌ని మా అక్కింట్లో దింపేస్తున్నా! వాళ్ళ పసివాణ్ణి ఆడిస్తుంది, కడుపు నిండా తింటుంది. ఇక బడి లేదు, గిడి లేదు!”

భర్త దాంబ మాటలకు ఓయున చేతిలోని టీ గరిటె జారిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల... తన కన్నకూతురు... ఒకరింట్లో చాకిరీకా! నిన్నటికి నిన్న చిరిగిన బూట్లలోకి మంచు దూరి, వేళ్ళు నీలుక్కుపోయి, బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. అందుకని చదువే మాన్పించేస్తాడా? కిందటి శీతాకాలం మంచు వాళ్ళ మందనంతా పొట్టన పెట్టుకుంది. మిగిలిన గుడారం మూటగట్టుకుని మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ కొండవాలుకు వచ్చిపడ్డారు. పోయిన గొర్రెల కోసం ఓయున ఏడ్చింది, ఊరుకుంది. ఈ మాటకు మాత్రం ఆమె ఊరుకోదలచుకోలేదు.

“పిల్లలందరికీ ప్రభుత్వం నెలనెలా డబ్బిస్తోంది. మనం ఒక్కసారీ తీసుకోలేదు. ఇప్పుడే వెళ్ళి అడుగుతా.”

“అడుక్కుంటావా? మందలు మేపిన ఇంటి కోడలివి... నాకు తల కొట్టేసినట్టుంటుంది ఓయునా!” దాంబ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“నీ తల సంగతి తర్వాత. ముందు దాని కాళ్ళ సంగతి చూడు! తప్పుకో!”

అంతవరకూ పొయ్యి పక్కన జపమాల తిప్పుతున్న అత్తగారు ఖంద లేచింది. పెట్టె అడుగు నుంచి నీలిపట్టు గుడ్డ తీసి విప్పింది. అందులో అనుజిన్ పుట్టువెంట్రుకలు...

“ఇవి తీసిన రోజు గుర్తుందిరా? ఏటి అవతలి ముసలి జంబ, నాలుగు మేకలున్నవాడు, ఒక మేకపిల్లను మోసుకొచ్చి నీ కూతురి చేతిలో పెట్టాడు. అడుక్కున్నామా? నువ్వు వద్దన్నావా?”

“అది... పుట్టువెంట్రుకలప్పుడు అందరూ ఇచ్చేదే కదమ్మా!”

“మనం పస్తులున్నప్పుడైనా ఆ మేకని అమ్మావా?”

“పిల్ల సొమ్ము ఎలా అమ్ముతానమ్మా!”

“మరి ఇదీ పిల్ల సొమ్మేరా! అప్పుడు ఏటిగట్టు వాళ్ళిచ్చారు, ఇప్పుడు దేశం ఇస్తోంది. దాని కానుక కాదనడానికి నువ్వెవడివి?”

దాంబ తలుపుకు అడ్డం తప్పుకుని కోటు తొడుక్కున్నాడు. “కొండంతా మంచు... దిగేటప్పుడు జారిపడతావు. నేనూ వస్తా” అన్నాడు.

తర్వాతి నెల డబ్బు చేతికందింది. దాంబ తానే బజారుకెళ్ళి, బొచ్చు లోపలికున్న బూట్లు ఏరికోరి తెచ్చాడు. వాటిని ఆ నీలిపట్టు గుడ్డ మీద పెట్టి, ఆనాడు జంబ ఇచ్చినట్టే, రెండు చేతులతో కూతురి ముందు పట్టాడు.

ఆ నీలిగుడ్డ చూడగానే అనుజిన్ గబుక్కున రెండు జడలూ పట్టుకుని వెనక్కి జరిగింది. “నాన్నా! మళ్ళీ నా జుట్టు తీసేస్తారా?”

మంద పోయినప్పటి నుంచి నవ్వు మరిచిపోయిన దాంబ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు... ఓయున కళ్ళు తుడుచుకుని, పిల్ల భుజానికి సంచీ తగిలించింది.

“నవ్వింది చాలు, తప్పుకో. పిల్లకి బడి వేళయింది!”