మూడున్నరకు అప్‌డేట్

ఉదయం పదకొండూ పదికి, సరిహద్దు అవతలి ఊళ్లో, ఒక ఆసుపత్రి ఎక్స్‌రే టెక్నీషియన్ తన ఫోన్‌లో 'ఇన్‌స్టాల్' బటన్ నొక్కాడు. పదకొండూ నలభైకి అతను ప్రాణాలతో లేడు.

ఆసుపత్రి వెనక సైకిళ్లు పెట్టే షెడ్డులో రెండు తూటాలు తగిలాయి. జేబులో ఫోన్ ఇంకా వెచ్చగానే ఉంది. తెర మీద ఒక్కటే వాక్యం: 'మీ ఫోన్ ఇప్పుడు మరింత సురక్షితం.'

ఈ సంగతి పన్నెండున్నరకు ఇవతల గూఢచారి యూనిట్‌కు చేరింది. ఒంటిగంటకు చీఫ్ గదిలో బ్రీఫింగ్. ఎదుటి కుర్చీలో గుమాస్తా ఒక్కడే కూర్చున్నాడు.

అతని అసలు పేరు ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఏ ఆఫీసులోనైనా మూడో టేబుల్ దగ్గర తలవంచుకుని రాసుకునే మనిషిలా ఉంటాడు కాబట్టి ఆ పేరు పడింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో పదకొండేళ్లు అవతలి ఊళ్లలో మనుషుల్ని కూడగట్టడానికే సరిపోయాయి. ఎక్స్‌రే టెక్నీషియన్‌ను తెచ్చింది అతనే.

చీఫ్ మాటలు పొదుపుగా వాడే మనిషి. నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. అవతలి దేశం కోసం ఈ నగరంలో పనిచేసే ముఠాకు యూనిట్ పెట్టుకున్న పేరు 'వలయం'. సరిహద్దు అవతల ఈ యూనిట్‌కు ఉన్న ఇన్‌ఫార్మర్లు ఇరవై నలుగురు. వాళ్ల ఫోన్లు చూడ్డానికి మామూలువే కానీ, లోపల మెసేజ్‌లు దాచే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి అప్‌డేట్లు నగరంలోని ఒక ప్రైవేటు కంపెనీ సర్వర్ నుంచి వెళ్తాయి. వలయం ఆ సర్వర్‌లో విషం కలిపింది. కొత్త అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయిన మరుక్షణం నుంచి ఫోన్ తానెక్కడుందో వలయానికి చెప్పేస్తుంది. ముందు ఒక్క ఫోన్‌కు పంపి పరీక్షించారు. మిగిలిన ఇరవై మూడింటికీ నాలుగు గంటలకు పంపబోతున్నారు.

ఇన్‌స్టాల్ చేయొద్దని వాళ్లకు కబురు పెట్టలేమా అని గుమాస్తా అడిగాడు.

"కబురు పెట్టే దారి ఆ ఫోనే, అదీ ఆ సర్వర్ మీదుగానే," అన్నాడు చీఫ్. "పైగా, పొద్దుటి పరీక్షకైతే బటన్ నొక్కాల్సొచ్చింది, నాలుగింటికి అదీ అక్కర్లేదు. ఫోన్లన్నిటిలో ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంది. అలా ఉంచమని సర్క్యులర్ రాసింది మీరే."

గుమాస్తా దాన్ని మంచి సలహా అనుకునే రాశాడు.

అప్‌డేట్ పంపకాన్ని, అంటే రోల్అవుట్‌ను, ఆపగలిగింది ఆ కంపెనీలో ఒక్కరే. రిలీజ్ మేనేజర్. ఆమె తన ఫోన్‌కు ముఖం చూపిస్తే తప్ప ఏదీ ఆగదు. ఆమెకు యూనిట్ పెట్టిన పేరు 'ముత్యం'. ఆరేళ్లుగా యూనిట్ మనిషి. ఎప్పటి నుంచో తెలియదు కానీ, వలయం మనిషి కూడా.

చీఫ్ ఫోటో చూపించబోయి ఆగాడు. గుమాస్తాకు ఫోటో అక్కర్లేదు. ముత్యం అతని భార్యకు చెల్లెలు. భార్య పోయి ఎనిమిదేళ్లయింది. ఆ తర్వాత రెండేళ్లకు మరదల్ని ఈ పనిలోకి దింపింది తనే.

ఆమె ఒప్పుకోకపోతే ఏం చేయాలని అడిగాడు. ఒప్పించండి అన్నాడు చీఫ్. సొరుగులోంచి ఒక పిస్టల్ తీసి టేబుల్ మీద పెట్టి, కిటికీ వైపు తిరిగాడు.

ల్యాబ్ బేస్‌మెంట్‌లో ఉంది. దాన్ని నడిపే ఇంజినీర్‌కు ముప్పై నాలుగేళ్లు. అందర్నీ కోప్పడుతుంది కాబట్టి, వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను పిన్ని అనే పిలుస్తారు. గుమాస్తా జేబులోంచి తీసిన ఫోన్‌ను ఆమె రెండు వేళ్లతో పట్టుకుంది. ఓ మూల పగిలింది. మూడేళ్ల అప్‌డేట్లు పెండింగ్‌లో ఉన్నాయి. అందరికీ సర్క్యులర్లు రాసిన మనిషి తన ఫోన్‌ను ఇలాగేనా ఉంచుకునేది అని తలంటింది. కొత్త ఫోన్ ఒకటి ఇచ్చేయొచ్చు కదా అన్నాడతను.

"ఇందులో ఉన్నదాంట్లో పావు వంతు కూడా వాడలేదు మీరు. కొత్తదిస్తే మాత్రం ఏం చేస్తారు? అందులోనూ టార్చిలైటే వేసుకుంటారు."

యూనిట్ సొంత సర్వర్ నుంచి అప్‌డేట్లన్నీ ఎక్కించి, ఒక్కొక్కటే చూపించింది. ఫోన్ వీపు మీద మూడుసార్లు తడితే అది చుట్టూ జరిగే మాటలు వింటుంది. పరభాష అయితే, నెట్ లేకపోయినా, మన భాషలోకి మార్చి తెర మీద అక్షరాలుగా వేస్తుంది. దూరాన ఉన్న రాతను కెమెరా దగ్గరికి లాగుతుంది. ఫోటోలో ఉన్న అంకెల్ని వేలితో తాకితే కాపీ అయిపోతాయి.

ఇవన్నీ మూడేళ్లుగా తన జేబులోనే ఉన్నాయా అని గుమాస్తా ఆశ్చర్యపోయాడు. జేబు బయట నిలబడి తలుపు కొడుతూనే ఉన్నాయి, మీకే వినబడలేదు అంది పిన్ని.

రెండూ నలభైకి కంపెనీ రిసెప్షన్‌లోకి ఫైర్ సిలిండర్లు తనిఖీ చేసే మనిషి ఒకడు అడుగుపెట్టాడు. బూడిదరంగు చొక్కా, మెడలో కార్డు, చేతిలో క్లిప్‌బోర్డు, భుజాన సంచీ. అలాంటి మనిషి ముఖం ఎవరికీ గుర్తుండదు. గార్డు పేరు రాసుకుని, ఆరో అంతస్తుకు సాయంత్రం రమ్మన్నాడు. అక్కడి సిలిండర్‌కు గడువు దాటిందనీ, ఇవాళ చూడకపోతే మీ మీదే రాయాల్సి వస్తుందనీ గుమాస్తా నసిగాడు. గార్డు పైవాళ్లను అడగడానికి ఫోన్ అందుకున్నాడు. అతని వెనక అద్దాల గదిలో గోడబోర్డు మీద ఆ రోజు లిఫ్ట్ కోడ్ చిన్న అక్షరాల్లో రాసి ఉంది. కెమెరా దాన్ని దగ్గరికి లాగింది. గార్డుకు లైన్ కలిసేలోపే గుమాస్తా లిఫ్ట్‌లో ఉన్నాడు.

ఆరో అంతస్తులో అన్నీ అద్దాల గదులే. ఎవరూ తలెత్తలేదు. మీటింగ్ రూమ్‌లో ఆడిటర్ల కార్డులు వేసుకున్న ఇద్దరు కూర్చుని ఉన్నారు. ముందు పెట్టుకున్న కాగితాలను గంట నుంచి తిప్పినట్టు లేదు. గుమాస్తా తలుపు పక్కనున్న సిలిండర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌ను క్లిప్‌బోర్డు మీద పెట్టి మూడుసార్లు తట్టాడు. అక్షరాలు వరుసగా కదిలాయి.

'నాలుగు దాకా ఎందుకు. మూడున్నరకే పంపేయమన్నారు.'

'ఆమెకు చెప్పావా?'

'చెప్పాను. సరేనంది. పని అయ్యాక గిన్నె కడిగేద్దాం.'

చివరి మాట ఫోన్‌కు అర్థం కాలేదు. గుమాస్తాకు అర్థమైంది. టైమ్ మూడూ పదకొండు.

ముత్యం గది వరండా చివర. నీలం సిల్కు చీర, చెవులకు పెద్ద ముత్యాలు, వంక పెట్టలేని జుట్టుముడి. పార్టీల్లో రాయబారులు ఆమె పక్కన నిలబడి ఫోటో దిగడానికి పోటీ పడేవారు. ఇప్పుడు ఆమె ముందున్న మానిటర్‌లో సెకన్లు వెనక్కి నడుస్తున్నాయి. సిలిండర్ తనిఖీ అన్నాడు గుమాస్తా. ఆమె తల తిప్పలేదు.

"తలుపు వేసి రండి బావా."

అతను వేసి వచ్చాడు. దాచడానికేమీ లేదన్నట్టు ఆమె తనే చెప్పుకొచ్చింది. తనను ఈ పనిలోంచి బయటికి తీసుకెళ్లమని యూనిట్‌కు మూడుసార్లు రాసింది. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికీ లేదు. మూడోది తిరిగొచ్చింది. దాని అంచున 'మరో ఆరు నెలలు కొనసాగించవచ్చు' అని ఉంది. చేతిరాత ఎవరిదో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అక్కకు వచ్చే ఉత్తరాల్లో చూసింది. వలయం వాళ్లు మంచివాళ్లేం కారు, కానీ రాస్తే జవాబిస్తారు. ఇన్‌ఫార్మర్లను పట్టుకుంటాం, ప్రశ్నిస్తాం, మీ దగ్గర పట్టుబడ్డ మా వాళ్లతో మార్పిడి చేసుకుంటాం, ఎవరికీ ఏమీ కాదన్నారు.

మీటింగ్ రూమ్‌లో విన్నది గుమాస్తా చెప్పాడు. పని కాగానే నిన్నూ చంపేస్తారన్నాడు. తెలుసన్నట్టు ఆమె తలూపింది. ఆ ఊపులో భయం లేదు, చాలాకాలంగా నిద్రలేని మనిషి బడలిక ఉంది.

మూడూ ఇరవై ఆరు. మానిటర్ మీద 'రోల్అవుట్ నిలిపివేయి' అన్న బటన్‌ను అతనే నొక్కాడు. ఆమోదం కోసం టేబుల్ మీదున్న ఆమె ఫోన్ వెలిగింది. దాన్ని తీసి ఆమె ముఖానికెదురుగా పట్టుకున్నాడు.

ముత్యం కళ్లు మూసుకుంది.

ఫోన్ చిన్నగా వణికింది. 'కళ్లు తెరవండి' అని రాసింది. నిద్రపోతున్నవాళ్ల ఫోన్‌ను వేరొకరు తెరవకుండా పెట్టిన ఏర్పాటు అది.

"ఈ ఫీచర్ టెస్ట్ చేసింది నేనే బావా," అంది కళ్లు మూసుకునే.

పిస్టల్ సంచీలో ఉంది. దానితో మనిషి కళ్లు మూయించవచ్చు, తెరిపించలేం. అతను దాని జోలికి పోలేదు. మూడూ ఇరవై ఎనిమిది. తోచినది చెప్పాడు.

"పొద్దున టెస్ట్ పంపింది ఎక్స్‌రే టెక్నీషియన్ ఫోన్‌కి."

ఆమె రెప్పలు ఇంకా గట్టిగా మూసుకుంది.

"అరెస్ట్ చేయలేదు. అరగంటలో కాల్చేశారు. సైకిల్ షెడ్డులో."

ఆమె కళ్లు తెరుచుకోలేదు. సెకన్లు ముప్పైలోకి దిగాయి.

"అతను ఇవతలికి వచ్చినప్పుడు ఆ ఫోన్ ఇచ్చింది నువ్వే. అక్షరాలు కనబడటం లేదమ్మా అంటే, పక్కన కూర్చుని పెద్దవి చేసి ఇచ్చావు."

ముత్యం కళ్లు తెరిచింది.

ఫోన్ తెరుచుకుంది. మానిటర్‌లో సెకన్లు పన్నెండు దగ్గర ఆగిపోయాయి. పంపినవి: సున్నా. మిగిలినవి: ఇరవై మూడు. ఆమె కళ్లు తెరిచింది ఫోన్ కోసమా, అతని ముఖంలో నిజం వెతకడానికా అన్నది గుమాస్తాకు ఎప్పటికీ తెలియలేదు.

తర్వాతి పని ఆమే చేసింది. ఇరవై మూడు ఫోన్లకూ రీసెట్ ఆదేశం పంపింది. ఫోన్ ఉన్నట్టుండి ఖాళీ అయిపోతే, ఉన్నపళంగా ఇల్లు వదిలిపొమ్మని వాళ్లకు ముందే నేర్పిన సంకేతం. ఇరవై మూడు ఇళ్లు, ఉద్యోగాలు, పదకొండేళ్ల పని ఆ ఒక్క నొక్కుతో పోయాయి. పోవడమే ఇప్పుడు గెలుపు.

మెట్ల దారిన వెళ్లిపోదాం లెమ్మన్నాడు గుమాస్తా. ఆమె లేవలేదు. తాను కుర్చీలో లేకపోతే ఆడిటర్లకు నిమిషంలో తెలిసిపోతుందంది. కూర్చుని ఉంటే, సర్వర్ నెమ్మదిగా ఉందని ఐదింటి దాకా నెట్టుకురాగలదు. అవతల ఆ ఇరవై మూడు మందికి ఆ మాత్రం సమయం కావాలి. అతను బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి అక్క పేరు ఎత్తాడు. ఆమె అన్నిటికీ అడ్డంగా తలూపింది.

"వెళ్లండి. ఈసారి ఆరు నెలలేం కాదుగా. గంటన్నరే."

మెట్ల మీద నుంచే చీఫ్‌కు ఫోన్ చేశాడు. టీమ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర వేరే పని మీద ఉందనీ, ఐదున్నరకు పంపుతాననీ చీఫ్ అన్నాడు. గుమాస్తా రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న బస్‌స్టాప్‌లో నిలబడ్డాడు.

నాలుగూ యాభై రెండుకు ఆడిటర్లిద్దరూ బయటికొచ్చారు. మధ్యలో ముత్యం. చూసేవాళ్లకు ముగ్గురూ కలిసి ఏదో విందుకు వెళ్తున్నట్టుంది. ఆమె బస్‌స్టాప్ వైపు చూడలేదు. అతని చేయి సంచీలోకి పోయింది. ఐదు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. ఇక్కడ తుపాకీ మోగితే అవతల దారులన్నీ మూసుకుంటాయి. ఆ ఎనిమిది నిమిషాల్లో ఎవరు ఏ గుమ్మం దాటుతున్నారో అతనికి తెలియదు. పిస్టల్ వదిలేసి ఫోన్ తీశాడు. మూల పగిలినా, ఫోన్ వాళ్లెక్కుతున్న కారు నంబరును తప్పు లేకుండా చదివి, యూనిట్‌కు పంపింది.

కారు మర్నాడు పొద్దున, ఒక గోదాము వెనక ఖాళీగా దొరికింది. ఇరవై మూడు మందిలో పంతొమ్మిది మంది క్షేమంగా ఉన్నట్టు కబురొచ్చింది. నలుగురి సంగతి తెలియలేదు. చీఫ్ ఫైలు మీద 'మిషన్ విజయవంతం' అని రాసి, గుమాస్తాతో చేయి కలిపి, ఆ చేతితోనే కొత్త సర్క్యులర్ అందించాడు: ఇకపై సిబ్బంది ఎవరూ ఎలాంటి అప్‌డేటూ ఇన్‌స్టాల్ చేయరాదు.

గుమాస్తా దాన్ని ల్యాబ్‌కు తీసుకెళ్లాడు. పిన్ని చదివి, టీకప్పు కింద పెట్టుకుంది. అప్‌డేట్ చేయకపోతే పాత కన్నాలన్నీ తెరిచే ఉంటాయంది. ఇప్పటిదాకా వలయం తలుపులోంచి వచ్చింది, రేపు ఇంకొకళ్లు కిటికీలోంచి వస్తారు. ఆ కన్నాలు పూడ్చే అప్‌డేట్‌ను రాత్రంతా కూర్చుని తను తయారుచేసింది. అతని ఫోన్‌కే ముందు పంపింది.

"ఇది నిజమైనదేనని ఎలా నమ్మను?"

"నేనే చేశాను కాబట్టి."

ముత్యం ఉన్నా అదే మాట అనేది. అతను ఆ మాట పైకి అనలేదు. పిన్నికి తట్టినట్టే ఉంది, ఆమె ముఖం తిప్పుకుని వైర్లు సర్దుకోవడం మొదలుపెట్టింది.

గుమాస్తా ఇన్‌స్టాల్ నొక్కాడు. తెర నల్లబడింది. ఒక గీత మొలిచింది. పూర్తవడానికి నలభై నిమిషాలు పడుతుందనీ, అంతవరకూ కాల్స్ రావనీ రాసింది. నలభై నిమిషాల పాటు చీఫ్ కూడా తనకు ఫోన్ చేయలేడు. ఇన్నేళ్ల సర్వీసులో యూనిట్ అతనికిచ్చిన మొదటి సెలవు అదే.