ఏడో గోడౌన్ దగ్గర ఆగిన అడుగులు

ఆ ఏడో గోడౌన్‌కు మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటువైపు కుక్క కూడా పోదని చెప్పుకునేవారు. కాపలాకొచ్చిన ముగ్గురు వరసగా, చెప్పాపెట్టకుండా మాయమయ్యారట. అర్ధరాత్రి దాటితే షట్టరు దానంతటదే పైకి లేస్తుందట... తెల్లటి ఆకారమొకటి గోడ వెంట నడుస్తుందట.

నాలుగోవాడిగా వచ్చినవాడు మాజీ సైనికుడు. పద్దెనిమిదేళ్లు సరిహద్దులో తుపాకీ మోసి, బయటికొచ్చాక ఏటీఎం ముందు స్టూలు మీద కునికిపాట్లు పడ్డాడు, మాల్ గుమ్మంలో జనం సంచులు వెతికి తిట్లు తిన్నాడు, అపార్ట్‌మెంటు గేటు దగ్గర కార్లకు సెల్యూట్లు కొట్టాడు. చివరికి ఈ ఉద్యోగం ఇప్పించింది హవల్దారు. ఒకప్పుడు సైన్యంలో పదకొండేళ్లు ఇతని పైవాడు, ఇప్పుడు సెక్యూరిటీ కంపెనీలో సూపర్‌వైజరు. కాలికి తూటా తగిలిన రోజు ఇతన్ని భుజాన వేసుకుని కొండ దిగిన మనిషి. దేవుడొక ఎత్తు, హవల్దారన్న ఒక ఎత్తు.

"అటు వెళ్లకు తమ్ముడూ," అని మొదటి రోజే చెవిలో చెప్పాడు హవల్దారు. "పిల్లలున్నవాడివి. గంటగంటకీ రౌండు కొట్టినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టేయ్. మిగతాది నేను చూసుకుంటా."

అన్న చెప్పాడంటే ఆర్డరే. నెల రోజులు అలాగే పెట్టాడు.

తెల్లారితే సరుకు తనిఖీ అని తెలిసిన రాత్రి మాత్రం అతనికి సిగ్గేసింది. ఏడో గోడౌన్ తాళం ఏ వైపుంటుందో కూడా తనకు తెలియదు. రోజూ చూసొచ్చినట్టు పేజీల నిండా సంతకాలు. టార్చి పట్టుకుని లేచాడు.

రాత్రి రెండు గంటలు... గాలి లేదు. అయిదో గోడౌన్ దాటాడు. ఆరోది దాటాడు. ఎక్కడో ఇనుము కిర్రుమంది — ఆగిపోయింది. కొండల్లో తూటాలకు బెదరనివాడు, ఇక్కడ తన అడుగుల చప్పుడికే ఉలిక్కిపడుతున్నాడు.

మలుపు తిరిగాడు.

షట్టరు సగం లేచి ఉంది. దాని ముందు, తల నుంచి మడమల దాకా తెల్లటి ఆకారం... అతన్ని చూసి చీకట్లోకి కదిలింది.

టార్చి జారి కింద పడింది. పరుగెత్తుదామంటే కాళ్లు రావడం లేదు. నోరు మాత్రం పాత అలవాటు కొద్దీ తెరుచుకుంది —

"హాల్ట్!"

ఠక్... ఠక్.

ఒక అడుగు వేసి, రెండో మడమ దానికి చేర్చి, ఆకారం నిటారుగా నిలబడిపోయింది. చేతులు తొడలకు అంటుకుపోయాయి.

దెయ్యానికి డ్రిల్లు ఎవరు నేర్పారు? భయం దిగిపోయింది. దాని చోట్లోకి భయంకన్నా పాడుదేదో వచ్చి కూర్చుంది. ఆ మడమల చప్పుడు అతను పదకొండేళ్లు రోజూ పొద్దున్నే పరేడులో విన్నాడు.

"అన్నా..." అన్నాడు మెల్లగా.

దుప్పటి జారింది. హవల్దారే. షట్టరు లోపల పెట్టెలు మోస్తున్న ఇద్దరు అప్పటికే గోడ దూకేశారు. సగం నిండిన వ్యాను తలుపులు తెరిచే ఉన్నాయి.

"ఇటు రావద్దన్నానా?" అన్నాడు హవల్దారు, గుసగుసగా.

"ఆ ముగ్గురూ ఏమయ్యారు?"

"దొంగలని తీసేశారు. ఒకడు జైల్లో ఉన్నాడు."

"రేపు తనిఖీలో ఎవరిని అడుగుతారు?"

హవల్దారు నేల చూపులు చూశాడు. "సంతకాలు నీవే కదరా తమ్ముడూ."

"ఇంతమంది ఉండగా... నన్నే ఎందుకు తెచ్చావు?"

"ఎదురు చెప్పవని."

అతను కుంటుకుంటూ గేటు గదికి తిరిగొచ్చి రిజిస్టరు తెరిచాడు. 'రెండు గంటలు. ఏడో గోడౌన్. మనిషి కనిపించాడు.' పేరు దగ్గర కలం ఆగింది. కళ్లలో నీళ్లు నిండి అక్షరాలు అలుక్కుపోయాయి.

వెనకే వచ్చిన హవల్దారు గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ రోజు నిన్ను మోశానురా..."

"ఆ కొండ మీదే దించేయాల్సింది అన్నా."

ర్యాంకుతో సహా అన్న పేరు రాసి, కింద తన సంతకం పెట్టాడు.