జెరే వేళాకోళం మానేశాడు

"కోతులన్నీ చెట్లెక్కండర్రా, బెంబా పిల్ల దిగింది. దొరికితే వండుకు తినేస్తుంది."

చిలేషే ఆ సఫారీ క్యాంపులో జీపు దిగిన మొదటి రోజు తొకోజానీ జెరే నోట విన్న మొదటి మాట అది.

"ఎలుకల్ని కూడా కన్నాల్లో దూరమను. ఎంగోనీ వాడు ఆకలి మీదున్నట్టున్నాడు," అంది చిలేషే భుజం మీది సంచి దించకుండానే.

అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. పక్కనే కాఫీ తాగుతున్న విదేశీ అతిథులు కప్పులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. పాపం, వాళ్ళకేం తెలుసు. బెంబా, ఎంగోనీ తెగల మధ్య ముత్తాతల నాటి యుద్ధాలు పోయి, బావామరదళ్ళ వరస మిగిలింది. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం మాత్రం రాకూడదు. అసలు మాటే అనుకోకపోతే అప్పుడు అనుమానించాలి.

ఆమె జీపు నడిపి సింహాల్ని చూపించేది. అతను అతిథుల్ని కాలినడకన అడవిలోకి తీసుకెళ్ళేవాడు. సాయంత్రం అందరూ లువాంగ్వా నది ఇసుక మీద చేరి, చేతిలో చల్లటి గ్లాసుతో పొద్దు కుంకడం చూస్తూ ఉంటే, జెరే రోజూ ఒకటే పాట.

"మీ నాన్నకి కబురు పెట్టనా? నిన్ను పెళ్ళాడి నాగరికత నేర్పిస్తా."

"ముందు నువ్వు నేర్చుకునిరా. అప్పటికి నా మనవలు ఈడుకొస్తారు."

నవ్వేసేది చిలేషే. తన గుడారానికి పోయాక మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆ మాట ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిజంగా అంటే బాగుండునని ప్రాణం కొట్టుకునేది. కాని వరసైనవాడు నిజం చెప్పినా వేళాకోళంలాగే ఉంటుంది. ఎలా పోల్చుకోవడం?

ఇలా ఉండగా ఒకరోజు నీటిగుర్రం నోరు తెరిచి ఆవలించింది. "అచ్చం మా చిలేషే నిద్ర లేచినట్టే లేదూ?" అన్నాడు జెరే అతిథులతో. ఒక పెద్దావిడ బిత్తరపోయి, ఈ మనిషి ఆ పిల్లని అవమానిస్తున్నాడని మేనేజరుకి ఫిర్యాదు చేసింది. మేనేజరు ఇద్దర్నీ పిలిచి, అతిథుల ముందు ఎకసెక్కాలు కట్టిపెట్టమంది.

మర్నాడు పొద్దున జెరే ఎదురొచ్చి టోపీ తీశాడు.

"నమస్కారమండీ చిలేషే గారూ. బాగా నిద్రపట్టిందాండీ?"

ఎవర్ని అంటున్నాడా అని చిలేషే వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"ఏంటి, జ్వరం గాని వచ్చిందా నీకు?"

"లేదండీ. దేవుడి దయవల్ల బాగానే ఉన్నానండీ."

సరే, మేనేజరు మందలించింది కదా అని చిలేషే సరిపెట్టుకుంది. కాని అతిథులు లేనప్పుడూ అదే వరస. ఇంకా విడ్డూరం రోయిడా పిన్ని విషయంలో జరిగింది. రోయిడా పిన్ని క్యాంపులో వంటమనిషి, చిలేషే తల్లికి స్వయానా చెల్లెలు. బెంబాల్లో పిన్నంటే తల్లే, తేడా లేదు. అంతకుముందు జెరే నేరుగా వంటింట్లో దూరి, మూతలు తీసి, పిన్ని గరిటె ఎత్తేదాకా కదిలేవాడు కాదు. ఇప్పుడు ఆమె అల్లంత దూరాన కనబడితే చాలు, దారి వదిలి ముళ్ళ పొదల్లోకి తప్పుకుంటున్నాడు. భోజనానికే రావడం మానేశాడు. నది ఒడ్డున కూర్చుని బిస్కెట్లు కొరుక్కుంటున్నాడు.

"నా వంటకేం తెగులొచ్చిందటే వాడికి? పొయ్యి దగ్గర నేను చస్తుంటే, వాడు బిస్కెట్లు తింటాడా?" అంది పిన్ని. పైకి తిట్టింది గాని, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిలేషే తిన్నగా పోయి నిలదీసింది. "మేనేజరు అతిథుల ముందు వద్దంది. మా పిన్ని ఏం చేసింది నిన్ను?"

జెరే తల వంచుకున్నాడు. "పిన్నిగారి ఎదట నేను పడకూడదండీ. ఇంక నన్నేమీ అడక్కండి."

"ఎన్నాళ్ళు పడవు?"

"అది నా చేతుల్లో లేదండీ."

తెగతెంపులు చేసుకున్నాడన్నమాట. చిలేషే జీపు వెనక్కి పోయి, టైరుకి ఆనుకుని, కరువుదీరా ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఆమె అతిథుల్ని అడవి తిప్పి తీసుకొచ్చేసరికి, వంటింటి పెరట్లో కొండంత మగ ఏనుగు నిలబడి ఉంది. గుమ్మడికాయల వాసన పట్టి వచ్చింది. కొట్టుగదిలోంచి గుమ్మడికాయల బుట్టతో వస్తూ రోయిడా పిన్ని దాని ఎదట పడి, గోడకి అంటుకుపోయింది. ఏనుగు చెవులు విప్పింది.

చిలేషే జీపు ఆపింది. జెరే అప్పుడే నది వైపు నుంచి వచ్చి, జీపు పక్కన ఆగాడు. ఏనుగులతో వ్యవహారం అతనికి కొట్టిన పిండి. కాని అతను చేసిన పని చూసి ఆమెకి మతి పోయింది. టోపీ ముక్కు దాకా లాక్కుని, దాని అంచు కిందనుంచి ఏనుగు కాళ్ళు మాత్రం చూస్తూ నిలబడ్డాడు.

"చిలేషే గారూ, అమ్మగారిని బుట్ట మెల్లగా కింద పెట్టమనండి."

"ఎదురుగానే ఉందిగా, నువ్వు చెప్పు."

"నేను మాట్లాడకూడదండీ. మీరే చెప్పండి."

"పిన్నీ, బుట్ట దించమంటున్నాడు."

"విన్నాను. నాకు చెవుడు లేదు," అంది పిన్ని వణుకుతూనే. బుట్ట దించింది.

"పరుగెత్తకుండా, గోడవారగా తలుపు దాకా జరగమనండి. అది తొండం బుట్టలో పెట్టాక లోపలికి వెళ్ళమనండి."

చిలేషే ప్రతి మాటా అప్పగించింది. పిన్ని అంగుళం అంగుళం జరిగింది. తొండం బుట్టలో పడింది. పిన్ని లోపల పడింది. ఏనుగు తీరిగ్గా గుమ్మడికాయలు నమిలి, తన దారిన తాను నదిలోకి దిగిపోయింది. జెరే కూడా వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

చిలేషే పరుగున వంటింట్లోకి వెళితే, పిన్ని పీట మీద కూలబడి ఉంది. ఆవిడ దిమ్మెరపోయింది ఏనుగుని చూసి కాదు.

"వాడు నా మొహం చూడలేదే."

"పొగరు, పిన్నీ."

"పొగరు నీ మొహం. ఎదురుగా ఏనుగుంటే, అత్త మొహం చూడకూడదని టోపీ లాక్కునేవాడు ఎవడే, అల్లుడు కాకపోతే?"

బెంబాల్లో పిల్లనడిగినవాడు పెళ్ళి తంతు అయ్యేదాకా పిల్ల తల్లి మొహం చూడకూడదు, ఆమె చేతి వంట తినకూడదు. ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే. జెరే విషయంలో మాత్రం ఒక్కరికీ తట్టలేదు. వాడికి మర్యాద ఉంటుందని ఎవరనుకున్నారు?

పిన్ని కసామాలో ఉన్న చిలేషే తండ్రికి ఫోను కలిపింది. "బావా, ఈమధ్య మనింటికి ఎవరైనా వచ్చారా?"

"మొన్న ఆదివారం ఎవరో ఎంగోనీ ముసలాయన మూత పళ్ళెంలో కానుక పెట్టుకుని, పిల్లనడగడానికి వచ్చాడు," అన్నాడు తండ్రి నవ్వుతూ. "మహా హాస్యగాడులే. కడుపుబ్బా నవ్వి, బీరు పోసి సాగనంపాం. వేళాకోళానికి ఇంత మంచి కానుకెందుకు తెచ్చాడా అని మీ అక్క మాత్రం ఒకటే నస."

పిన్ని నవ్వలేదు. అవతల నవ్వు కూడా ఆగిపోయింది.

"రోయిడా, అది నిజమా ఏంటి?"

చిలేషే నది ఒడ్డుకి వెళ్ళింది. జెరే చేతిలో బిస్కెట్టు అలాగే ఉంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏడాదినుంచీ చెప్తూనే ఉన్నాను," అన్నాడు. ఈసారి అండీలు లేవు. "రోజూ నవ్వావు. ఇంకెలా చెప్పను? నాకు నువ్వంటే ప్రాణం చిలేషే. మేనేజరు మందలించిన రోజే మా పెద్దాయన్ని పంపించాను, ఇంతవరకు జవాబు లేదు. కాదంటే చెప్పెయ్, వేరే క్యాంపు చూసుకుంటాను."

ఎన్నాళ్ళనుంచో ఎదురు చూసిన మాట. తీరా వినేసరికి ఆమె గిరుక్కున తిరిగి వచ్చేసింది. అదే జవాబనుకుని జెరే బిస్కెట్టు చేపలకి వేసేశాడు.

"పిన్నీ, కోడి ఉందా?" అంది చిలేషే వంటింట్లోకి వస్తూనే.

పిన్ని ఆమె వైపు తేరిపార చూసింది. బెంబాల్లో సంబంధం ఒప్పుకున్నామని నోటితో చెప్పరు. కోడి వండి పంపిస్తారు.

"ఉంది. అతిథుల మధ్యాహ్న భోజనానికి."

"అతిథులు గుడ్లు తింటారులే. గరిటె ఇలా ఇచ్చి, నువ్వు బయటికి పో."

మధ్యాహ్నం బల్ల మీద గుడ్లు చూసి మేనేజరు నిర్ఘాంతపోయింది. ఆ వేళకి జన్మలో ఎవరి ముందూ వంగని చిలేషే, నది ఒడ్డున జెరే ముందు మోకాళ్ళ మీద కూర్చుని మూత పళ్ళెం పెట్టింది.

అతను మూత తీశాడు. మొక్కజొన్న సంకటి, పక్కన కోడి, ఒక్క ముక్క తగ్గకుండా. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ పిన్నిగారు వండారా? అయితే నేను తినకూడదు," అన్నాడు భయంగా.

"నేనే వండాను. ఉప్పెక్కువైతే నోరు మూసుకుని తిను."

ఉప్పు బాగా ఎక్కువైంది. కళ్ళు తుడుచుకుంటూ, జెరే నోరు మూసుకుని తిన్నాడు.