హత్తా బంగళాలో గోడ పొయ్యి

ఎడారి దేశంలో చలికాచుకోవడానికి పొయ్యి! ఇక్కడి అరబ్బు యజమానులకు, ఈ అర్బాబులకు, డబ్బెక్కువై బుర్ర తగ్గిపోయిందని ఇనాయతుల్లా నవ్వుకున్నాడు.

2006 జనవరి. దుబాయ్ ఎమిరేట్‌లోని హత్తా కొండల్లో చలికాలం మాత్రమే తెరిచే బంగళా అది. హాలు గోడలో ఇమిడ్చిన స్టవ్ పాతబడింది. చెక్కపొట్టు గుళికలు పోస్తే కరెంటు ఫ్యానుతో మండే రకం. దాన్ని పీకేసి, హాల్లో చెక్క పెట్టెలో దించి ఉన్న కొత్తది, కాళ్ల మీద విడిగా నిలబడేది, పెట్టాలి. ప్రొద్దుటూరు నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లుగా ఏసీలూ గీజర్లూ బిగిస్తున్న ఇనాయతుల్లాకు, తనకన్నా పని తెలిసినవాడు దుబాయ్‌లో లేడని గట్టి నమ్మకం.

"ఎవడో పనికిమాలినోడు బిగించినాడు దీన్ని," అంటూ పాత స్టవ్‌ని కాలితో తట్టాడు.

అజ్మాన్ నుంచి అతనితోపాటే వ్యానులో వచ్చిన కంపెనీ క్లీనర్ పేరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రాజోలు మనిషి. యాభై దాటిన వయసు.

"సాయిబు గారూ, దాన్ని కదపకండి బాబూ. కొత్తది దాని ముందరే పెట్టేయండి. పోయినేడు బూడిద ఎత్తడానికొచ్చానండి. ఆరిపోయిన పొయ్యిలో ఎవరో గోకుతున్నారండి."

"ఎలకలు."

"ఎలకలు పేరెట్టి పిలుస్తాయాండీ?"

ఇనాయతుల్లా పగలబడి నవ్వాడు. "దయ్యాలకు నిన్ను పిలవడం తప్ప వేరే పని లేదా? పనిముట్ల పెట్టెలో టార్చి ఉంది. తెచ్చి నా వెనక నిలబడు."

వెనక్కి తిరిగి కూడా చూడకుండా వెళ్లి కరెంటు మెయిన్ ఆపేశాడు. కిటికీలకు ఇనుప షట్టర్లు దించి ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికే హాలంతా చీకటైంది.

తడుముకుంటూ మరలు విప్పి స్టవ్‌ని బయటికి లాగాడు. గోడలో మనిషి దూరేంత బొక్క. పాత మసి వాసన. దానికింద ఇంకేదో... కాలిన వెంట్రుకల వాసన. మూతి ముడిచి, బోర్లా పడుకుని, పొగగొట్టం విప్పడానికి భుజాల దాకా లోపలికి దూరాడు.

"వెలుతురు పట్టు!"

వెనకనుంచి వెలుతురు పడింది.

"కుడికి."

కుడికి జరిగింది.

"పర్వాలేదే. చెయ్యి వణకకుండా పట్టినావు."

గొట్టం మీద చెయ్యి వేశాడు. ఏడాదిగా మండని పొయ్యి గొట్టం... వెచ్చగా ఉంది. లోపలి గాలి మెల్లగా పైకి పోతోంది. మళ్లీ కిందికి వస్తోంది. పైకి... కిందికి...

అప్పుడే బయట వ్యాను హారన్ మోగింది.

"సాయిబు గారూ!" దూరంగా, వాకిట్లోంచి పేరమ్మ కేక. "ఇంకెంతసేపండీ? లోపలికి రావడానికి నాకు కాళ్లాడట్లేదండీ!"

ఇనాయతుల్లా చేతులు ఆగిపోయాయి.

వెలుతురు ఆ చేతుల మీదే ఉంది. కదలకుండా.

"ఎవరు...?"

వెలుతురు ఇంకాస్త దగ్గరికొచ్చింది. చెవి పక్కనే, ఆడగొంతు గుసగుస.

"ఇంకొంచెం... లోపలికి..."

చీలమండను ఏదో పట్టుకుంది. పట్టి, ముందుకు నెట్టింది.

ఎలా తన్నాడో, ఎలా బయటపడ్డాడో అతనికి గుర్తులేదు. భుజం చర్మం గోడకే అంటుకుపోయింది. హాల్లో ఎవరూ లేరు. అతని టార్చి పనిముట్ల పెట్టెలో, గుడ్డ కింద, పెట్టినచోటే ఉంది. పెట్టె అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

వ్యానులో పేరమ్మ అతని చొక్కా మీది రక్తం చూసింది.

"పైపు సైజు తప్పు పంపినారు, తెలివితక్కువ ఎదవలు," అన్నాడు స్టీరింగ్ గట్టిగా పట్టుకుని. "ఇంకొకన్ని పంపిస్తారులే."

అజ్మాన్ చేరేదాకా ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, ఫోన్ చేశాడు.

"షాబాష్, ఇనాయత్! అర్బాబ్ రాత్రి బంగళాకి వెళ్లాడు. కొత్త స్టవ్ బ్రహ్మాండంగా మండుతోందట. గోడ కూడా అతుకు కనపడకుండా మూసేశావట."

కొత్త స్టవ్‌ని ఇనాయతుల్లా చెక్క పెట్టెలోంచి బయటికే తీయలేదు.

"కానీ ఇదేం పద్ధతి?" ముదీర్ గొంతు చిరాగ్గా మారింది. "ఆ రెండో ఆడమనిషిని అక్కడే వదిలేసి వస్తావా? నీతో వచ్చానంటూ స్టవ్ ముందు కూర్చుని ఉందట. ఎప్పుడొచ్చి తీసుకెళ్తావని అర్బాబ్ అడుగుతున్నాడు."